సికింద్రాబాద్‌లో భవనాల విద్యుత్ వైరింగ్: అనుమతులు, తనిఖీలు, బాధ్యతలు

సికింద్రాబాద్ ప్రాంతంలో 2022 మార్చి 23 నుండి 2023 మార్చి 16 వరకు, ఏడాది తిరగక ముందే, నాలుగు ఘోర అగ్నిప్రమాదాలు సంభవించాయి. బోయగూడలోని తుక్కు గోదాములో మంటలు చెలరేగి, పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కార్మికులు మృతి చెందారు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి పాస్‌పోర్టు కార్యాలయం సమీపంలోని ఒక భవనపు సెల్లార్‌లో గల విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో నిప్పు రాజుకుని, పై అంతస్తులలోని లాడ్జిలో బస చేసిన వారిలో 8 మంది ప్రాణాలు కోల్పోయారు. 2023 జనవరి 19న నల్లగుట్టలోని వాణిజ్య భవనం దగ్ధమై ముగ్గురు కార్మికులు మరణించారు. 2023 మార్చి 16 రాత్రి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక 6గురు యువతీ యువకులు అసువులు బాశారు. మొత్తం 28 ప్రాణాలు.

వీటిలో బోయగూడ, స్వప్నలోక్ ఘటనలలో విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కారణమై ఉండవచ్చునని అధికారులు ప్రాథమికంగా అనుమానించారు. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ ఒకే ప్రశ్న ఉత్పన్నమవుతున్నది. ఆ భవనంలో వైరింగ్‌ను ఎవరు తనిఖీ చేశారు, ఎవరు అనుమతించారు? సాధారణంగా వేలు నగరపాలక సంస్థ వైపు చూపడం జరుగుతున్నది. వాస్తవానికి భవన నిర్మాణానికి అనుమతి ఇచ్చేది ఒక సంస్థ, విద్యుత్ కనెక్షన్ ఇచ్చేది వేరొక సంస్థ, విద్యుత్ భద్రతను ధృవీకరించేది మూడవ శాఖ, అగ్నిమాపక నిరభ్యంతర పత్రం జారీ చేసేది నాలుగవ శాఖ. ఏ అంశం ఎవరి పరిధిలోనిదో పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఒకచోట అందుబాటులో ఉంచేందుకు ఈ వివరాలు ఇవ్వడమైనది.

చట్టాల నేపథ్యం

దేశంలో విద్యుత్ భద్రతకు 1910 నాటి భారత విద్యుత్ చట్టం, దాని కింద రూపొందించిన 1956 నాటి భారత విద్యుత్ నియమావళి చిరకాలం ఆధారంగా ఉన్నాయి. 2003 విద్యుత్ చట్టం పాత చట్టాన్ని రద్దు చేసినప్పటికీ, కొత్త భద్రతా నిబంధనలు వచ్చే వరకు 1956 నియమావళి కొనసాగేటట్లు 185వ సెక్షన్ వీలు కల్పించింది. 53వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రత, విద్యుత్ సరఫరాకు సంబంధించిన నిబంధనలను జారీ చేయగా, 2023లో వాటి స్థానంలో నూతన నిబంధనలు అమలులోకి వచ్చాయి. పాత భవనాల దస్త్రాలలో 1956 నియమావళిలోని నియమాల సంఖ్యలే కనిపిస్తాయి గనుక, వాటిని ఉటంకించేటప్పుడు ఏ సంవత్సరపు నిబంధన అన్నది సరిచూసుకోవడం అవసరం.

162వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారిని, ఇతర విద్యుత్ తనిఖీ అధికారులను నియమిస్తుంది. వీరు విద్యుత్ పంపిణీ సంస్థ ఉద్యోగులు కారు, నగరపాలక సంస్థ ఉద్యోగులు అసలే కారు. సరఫరా చేసే సంస్థపై కూడా తనిఖీ అధికారం కలిగిన స్వతంత్ర యంత్రాంగమిది. వీరి నిర్ణయాలపై ప్రభుత్వానికి గాని, ప్రభుత్వం ఆదేశించిన పక్షంలో విద్యుత్ నియంత్రణ మండలికి గాని అప్పీలు చేసుకోవచ్చును.

నగరపాలక సంస్థ పాత్ర

సికింద్రాబాద్ పురపాలక సంఘం 1945లో ఏర్పడి, 1950లో నగరపాలక సంస్థ హోదా పొందింది. 1955 హైదరాబాద్ నగరపాలక సంస్థల చట్టం ప్రకారం 1960లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీల విలీనంతో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఆవిర్భవించింది. 1955 చట్టమే పేరు మార్పుతో నేటికీ దీనికి మూలం.

నిర్మాణ అనుమతులకు 2012 ఏప్రిల్ 7న జారీ అయిన జి.ఓ.ఎం.ఎస్. నం. 168లోని భవన నియమాలు, 2020 నాటి తెలంగాణ భవన అనుమతి, స్వయం ధృవీకరణ చట్టం ప్రధాన ఆధారాలు. 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు నిర్మించుకునే ఇళ్లకు 2020 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ మాత్రమే చాలును. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు గల నివాస భవనాలకు స్వయం ధృవీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువుతో ఏకగవాక్ష పరిశీలన ఉంటుంది.

ఈ దశలన్నింటిలో నగరపాలక సంస్థ సిబ్బంది ప్రధానంగా పరిశీలించేది స్థల యాజమాన్యం, రోడ్డు వెడల్పు, విడిచిపెట్టవలసిన ఖాళీ స్థలాలు, ఎత్తు, పార్కింగ్, మంజూరైన ప్లానుకు నిర్మాణం అనుగుణంగా ఉన్నదా లేదా అన్న అంశాలు. గోడల లోపల పరచిన తీగ మందమెంత, ఎర్తింగ్ ఉన్నదా, ఎం.సి.బి.లు సరిపోయిన సామర్థ్యం గలవేనా అన్నవి ఆ పరిశీలనలో భాగం కావు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్యతా పత్రం) జారీ అయినంత మాత్రాన భవనంలోని వైరింగ్ సురక్షితమని ధృవీకరించినట్లు కాదన్నది వార్తలు రాసేవారు, ఇల్లు కొనేవారు గమనించవలసిన ముఖ్యాంశం.

అయితే ఈ పత్రానికి విద్యుత్ కనెక్షన్‌తో మరొక విధమైన సంబంధమున్నది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపనిదే విద్యుత్, నీటి సరఫరా, మురుగునీటి సంస్థలు రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వరాదని, లేదా ప్రత్యామ్నాయంగా ఆ పత్రం సమర్పించే వరకు 3 రెట్లు చార్జీ వసూలు చేయవచ్చునని 2012 నియమాలు పేర్కొన్నాయి. 100 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తుకు మించని వ్యక్తిగత నివాసాలకు మినహాయింపు ఇచ్చాయి. ఆచరణలో ఈ ప్రత్యామ్నాయమే రాజమార్గమైంది. హెచ్చు చార్జీ చెల్లించి ఏళ్ల తరబడి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండానే కొనసాగే వెసులుబాటు, నిబంధన ఉద్దేశాన్నే నీరుగార్చిందని చెప్పక తప్పదు.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు, మీరట్‌కు చెందిన ఒక అక్రమ నిర్మాణం కేసులో తీర్పునిస్తూ, నిర్మాణ పూర్తి లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ సమర్పించిన తరువాతనే విద్యుత్, నీరు, మురుగునీటి కనెక్షన్లు ఇవ్వాలని దేశవ్యాప్తంగా వర్తించే ఆదేశాలు జారీ చేసింది. ఈ తీర్పుతో "3 రెట్లు చార్జీ" అనే దారి ఇరుకైంది. మరొకవైపు, 2020 విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించి, మెట్రో నగరాలలో కొత్త కనెక్షన్ గడువును 7 రోజుల నుండి 3 రోజులకు కుదించారు. త్వరగా ఇవ్వవలసిన బాధ్యత, పత్రం లేనిదే ఇవ్వరాదన్న ఆంక్ష రెండూ ఒకే ఉద్యోగి బల్లపైకి చేరుతున్నాయి. గడువు లెక్క దరఖాస్తు అన్ని విధాల పూర్తిగా ఉన్ననాటి నుండియే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

కనెక్షన్‌కు ముందు జరగవలసిన పరీక్ష

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి 1999లో విభజితమైన తరువాత 2000 ఏప్రిల్‌లో ఏర్పడిన కేంద్ర ప్రాంత పంపిణీ సంస్థకు వారసురాలైన తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సికింద్రాబాద్‌కు సరఫరా చేస్తున్నది. కొత్త లేదా అదనపు సరఫరాకు దరఖాస్తు అందినప్పుడు, కనెక్షన్ ఇచ్చే ముందు, వినియోగదారుని వైరింగ్‌ను సంస్థ స్వయంగా పరీక్షించాలి, లేదా లైసెన్సు పొందిన విద్యుత్ కాంట్రాక్టరు సంతకంతో వినియోగదారుడు సమర్పించిన పరీక్షా ఫలితాలను స్వీకరించాలి. ఆరు నెలలు దాటి సరఫరా నిలిచిపోయిన భవనానికి తిరిగి కనెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా ఇదే విధానం వర్తిస్తుంది.

"లేదా" అన్న ఆ ఒక్క మాట మీదనే మొత్తం వ్యవస్థ నడుస్తున్నదంటే అతిశయోక్తి కాదు. రోజూ వచ్చే దరఖాస్తుల సంఖ్య దృష్ట్యా కాంట్రాక్టరు ఇచ్చే "టెస్ట్ రిపోర్టు" ప్రధానాధారమవుతున్నది. ఆ రిపోర్టు వెనుక నిజంగా పరీక్ష జరిగి ఉంటే ఇబ్బంది లేదు. ఇల్లు చూడకుండానే సంతకం చేసిన రిపోర్టు అయితే, ఆ ఇంటి వైరింగ్‌ను ఎవరూ చూడనట్లే లెక్క.

పరీక్షలో ముఖ్యమైనది ఇన్సులేషన్ నిరోధం. 650 వోల్టుల లోపు ఏర్పాట్లలో ప్రతి విద్యుత్ వాహకానికి, భూమికి మధ్య 500 వోల్టుల డి.సి. పీడనాన్ని ఒక నిమిషం పాటు ప్రయోగించినప్పుడు నిరోధం కనీసం 1 మెగ్ ఓమ్ ఉండాలి. మెగ్గర్ అనే చిన్న పరికరంతో దీనిని కొలవవచ్చును. కనెక్షన్ ఇచ్చిన తరువాత కూడా లీకేజీ ఉన్నట్లు విశ్వసించడానికి కారణముంటే సంస్థ గాని, తనిఖీ అధికారి గాని వినియోగదారునికి నోటీసు ఇచ్చి పరీక్షించవచ్చును. లోపం తేలినా, పరీక్షకు అవకాశమివ్వకపోయినా 48 గంటల లిఖితపూర్వక నోటీసుతో సరఫరా నిలిపివేసే అధికారమున్నది.

ఎవరు పని చేయవచ్చును

రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు ఆధ్వర్యంలో, యోగ్యతా పత్రం గల సూపర్‌వైజరు ప్రత్యక్ష పర్యవేక్షణలో, పర్మిట్ గల వైర్‌మ్యాన్ మాత్రమే వైరింగ్ పని చేయాలి. కొత్త పనితో పాటు మార్పులు, చేర్పులు, మరమ్మతులకు కూడా ఇది వర్తిస్తుంది. 250 వోల్టులకు మించని బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి, గృహోపకరణం వంటివి మార్చడానికి మాత్రమే మినహాయింపు ఉన్నది. అదియును వైరింగ్ సామర్థ్యం, స్వభావం మారనంత వరకే. పాత ఫ్యాను తీసి కొత్త ఫ్యాను బిగించడం మినహాయింపులోకి వస్తుంది. ఏ.సి. కోసం కొత్త పాయింటు లాగడం రాదు. నగరంలో అత్యధికంగా ఉల్లంఘనకు గురయ్యే నిబంధన బహుశా ఇదే.

సికింద్రాబాద్ పాత బజార్లలో దీని ప్రాధాన్యం మరింత ఎక్కువ. జనరల్ బజార్, మోండా మార్కెట్, రాణిగంజ్, ఒకప్పుడు కింగ్స్‌వేగా పిలిచిన రాష్ట్రపతి రోడ్డు, జేమ్స్ స్ట్రీట్‌గా పిలిచిన మహాత్మాగాంధీ రోడ్డు పరిసరాలలో కింద దుకాణం, నడుమ గోదాము, పైన కాపురం ఉన్న భవనాలు అనేకం. చెక్క బ్యాటెన్లపై తీగలు బిగించిన కాలంలో ఒక్కొక్క గదికి ఒక దీపం, ఒక ఫ్యాను లెక్కన వేసిన వైరింగ్ అది. నాటి తీగలపై రబ్బరు తొడుగు కాలక్రమంలో ఎండి పెళుసెక్కుతుంది. అనేక ఇళ్లలో మూడవ పిన్ను రంధ్రం ఉంటుంది గాని దానికి ఎర్త్ తీగ ఉండదు. అదే తీగపై ఇప్పుడు ఫ్రిజ్, గీజరు, ఏ.సి., దుకాణంలో వరుస దీపాలు, సెల్లార్‌లో వాహనాల చార్జింగ్ నడుస్తున్నాయి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ మందపు తీగ చుట్టడంతో, కరగవలసిన ఫ్యూజు కరగక గోడలోని తీగ వేడెక్కుతుంది. షార్ట్ సర్క్యూట్‌గా చెప్పుకునే ప్రమాదాలలో తీగలు తాకడానికి ముందు నెలల తరబడి సాగిన ఈ వేడి దాగి ఉండడం సాధ్యమే.

వైరింగ్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 732, ఎర్తింగ్‌కు ఐ.ఎస్. 3043. దీపాలు, ఫ్యాన్లు, చిన్న సాకెట్లకు ఒక సర్క్యూట్‌పై 10 పాయింట్లు, 800 వాట్లు మించరాదన్నది చిరకాలంగా పాటిస్తున్న పద్ధతి. ఎక్కువ శక్తి తీసుకునే ఉపకరణాలకు ప్రత్యేక పవర్ సర్క్యూట్ ఉండాలి. లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరాను తెంచివేసే ఈ.ఎల్.సి.బి. రక్షణ 1956 నియమావళిలో 5 కిలోవాట్లు, ఆపై ఏర్పాట్లకు తప్పనిసరిగా ఉండేది. తదుపరి సవరణలతో ఈ పరిమితి 2 కిలోవాట్లకు తగ్గింది. గృహాలలో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఇది పని చేయాలి. ఒక ఏ.సి., ఒక గీజరు ఉన్న సాధారణ ఇల్లు కూడా నేడు ఈ పరిధిలోకి వస్తున్నది.

15 మీటర్లు దాటిన భవనాలు

15 మీటర్ల ఎత్తు దాటిన బహుళ అంతస్తుల భవనాలకు విద్యుత్ తనిఖీ అధికారి ప్రత్యక్ష ప్రమేయం ఉంటుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన లోడు, వోల్టేజికి మించిన ఏర్పాట్లలో సరఫరా ప్రారంభానికి దరఖాస్తు చేసే ముందు యజమాని వివరాలతో కనీసం 30 రోజుల లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. తనిఖీ అధికారి లిఖితపూర్వక ఆమోదం లేనిదే సరఫరా ప్రారంభించరాదు. పవర్ కేబుళ్లు వెళ్లే డక్టులో నీటి గొట్టాలు గాని, ఇతర సర్వీసు పైపులు గాని ఉండరాదు. ప్రతి అంతస్తు వద్ద డక్టులో మంటలను అడ్డుకునే అవరోధం నిర్మించాలి. స్వప్నలోక్‌లో ప్రాణాలు తీసింది పొగ. పాస్‌పోర్టు కార్యాలయం వద్ద భవనంలోనూ సెల్లార్ నుండి పొగ పై అంతస్తులకు ఎగబాకింది. మెట్ల మార్గం ఎలాగో, తెరచి ఉంచిన డక్టు కూడా పొగకు చిమ్నీ వంటిదే. తనిఖీ నివేదికలలో ఒక వాక్యంగా కనిపించే ఈ అవరోధం విలువ అప్పుడు తెలుస్తుంది.

అగ్నిమాపక నిరభ్యంతర పత్రం వేరొక చట్టం కిందిది. 1999 అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలు, 18 మీటర్లు దాటిన నివాస భవనాలు, పాఠశాలలు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి నిర్ణీత పరిమాణానికి మించిన జనసమ్మర్ద భవనాలు దీని పరిధిలో ఉన్నాయి. బోయగూడ గోదాము వంటి తక్కువ ఎత్తు కట్టడాలు ఎత్తు లెక్కన ఈ రెండు వలల నుండీ జారిపోతాయి. అక్కడ బయటకు వచ్చేందుకు మెలికల ఇనుప మెట్లు తప్ప వేరే దారి లేదు.

100 మంది లేదా అంతకు మించి చేరే స్థలాలలో 250 వాట్లు, 100 వోల్టులకు మించి విద్యుత్ వాడే ముందు తనిఖీ అధికారికి, పోలీసు కమిషనర్‌కు కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలని 54వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. వీధులలో వాడకానికి కూడా ఇది వర్తిస్తుంది. ఉజ్జయిని మహంకాళి ఆలయం వద్ద లష్కర్ బోనాలకు వెలిసే విద్యుత్ తోరణాలు, గణేశ్ మండపాలు చాలావరకు దీని పరిధిలోనివే. స్తంభం నుండి నేరుగా కొక్కెం వేసి తీసుకునే కనెక్షన్ దొంగతనం కిందికి రావడమే కాక, దానికి ఏ పరీక్షా ఉండదు.

తీగలకు దగ్గరగా నిర్మాణాలు

ఇరుకు వీధులలో బాల్కనీలు విద్యుత్ లైన్లను తాకేంత సమీపానికి రావడం సాధారణ దృశ్యం. విద్యుత్ నిబంధనల ప్రకారం లోవోల్టేజి తీగకు, భవనానికి మధ్య పక్కవైపున 1.2 మీటర్లు, పైకప్పు నుండి 2.5 మీటర్ల దూరం ఉండాలి. 11 కె.వి. లైనుకు పక్కవైపున 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు ఉండాలి. 2012 భవన నియమాలు లో-టెన్షన్ లైన్లకు 1.5 మీటర్లు, హై-టెన్షన్ లైన్లకు 3 మీటర్ల కనీస దూరాన్ని నిర్దేశించాయి. రెండింటికీ లోబడవలసి ఉన్నందున, ప్రతి కొలతలోనూ ఏది ఎక్కువైతే దానినే పాటించవలసి ఉంటుంది. లైను ముందుగా ఉండి, తరువాత భవనం కట్టదలచినవారు పంపిణీ సంస్థకు, తనిఖీ అధికారికి కొలతల పటంతో ముందస్తు నోటీసు ఇవ్వాలి.

కంటోన్మెంట్, రైల్వే పరిధి

తిరుమలగిరి, బొల్లారం, పికెట్, కార్ఖానా తదితర కంటోన్మెంట్ ప్రాంతాలలో నిర్మాణ అనుమతులు 2006 కంటోన్మెంట్ల చట్టం కింద సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు చూస్తుంది. అక్కడి ప్రైవేటు భవనాలకు విద్యుత్ భద్రతా నిబంధనలు మాత్రం నగరంలో వలెనే వర్తిస్తాయి. రైల్వేలు, రక్షణ శాఖ నిర్మాణాల విషయంలో 2003 చట్టం కేంద్ర ప్రభుత్వాన్ని సముచిత ప్రభుత్వంగా నిర్వచించింది. కాబట్టి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్, సైనిక ప్రాంగణాలు కేంద్రం నియమించిన తనిఖీ అధికారుల పరిధిలోనివి. రోడ్డుకు ఒక వైపు భవనంపై ఒకరి అధికారం, మరొక వైపు వేరొకరిది కావడం ఈ నగరంలో అరుదు కాదు.

కనెక్షన్ తరువాత

విద్యుత్ ఏర్పాట్లను 5 సంవత్సరాలకు మించని వ్యవధులలో తిరిగి తనిఖీ చేయించాలన్నది 1956 నుండి ఉన్న నియమం. ప్రభుత్వం నోటిఫై చేసిన వోల్టేజికి మించిన ఏర్పాట్లను విద్యుత్ తనిఖీ అధికారి పరిశీలిస్తారు. అంతకు లోబడిన వాటికి యజమాని స్వయం ధృవీకరణ ఇవ్వవచ్చును. కోరుకుంటే తనిఖీ అధికారిచేత పరీక్ష చేయించుకునే అవకాశమూ ఉన్నది. సాధారణ అపార్ట్‌మెంట్లు, దుకాణాలలో ఈ 5 సంవత్సరాల నియమం గూర్చి తెలిసినవారే తక్కువ. 2025 మే 18న పాతబస్తీలోని గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంట 17 మంది మరణించిన దుర్ఘటనలోనూ షార్ట్ సర్క్యూట్ ప్రస్తావన వచ్చింది. అదియును కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత భవనమే.

విద్యుత్ సంబంధ ప్రమాదంలో ప్రాణనష్టం గాని, గాయాలు గాని జరిగితే 161వ సెక్షన్ కింద తనిఖీ అధికారికి తెలియజేయాలి. 2005 నియమాల ప్రకారం ప్రాణాంతక ప్రమాదాన్ని తెలిసిన 24 గంటలలోగా, లిఖితపూర్వక నివేదికను 48 గంటలలోగా అందజేయాలి. ప్రమాదానికి కారణమేమిటి, నిబంధనల ఉల్లంఘన ఉన్నదా అన్న అంశాలపై విచారణ జరిపి నివేదిక ఇవ్వవలసిందిగా ప్రభుత్వం తనిఖీ అధికారిని ఆదేశించవచ్చును. ఘటన జరిగిన సాయంత్రానికే వెలువడే "షార్ట్ సర్క్యూట్" అనే మాట ప్రాథమిక అంచనా మాత్రమే. దానిని నిర్ధారణగా ప్రచురించే ముందు, 161వ సెక్షన్ కింద విచారణకు ఆదేశించారా, భవనానికి సంబంధించిన టెస్ట్ రిపోర్టు ఏ తేదీనాటిది, దానిపై సంతకం చేసిన కాంట్రాక్టరు లైసెన్సు అప్పటికి అమలులో ఉన్నదా అన్న మూడు అంశాలను విచారించుట ఉపయుక్తం. ఇందులో మొదటిది విద్యుత్ తనిఖీ శాఖ వద్ద, రెండవది పంపిణీ సంస్థ సెక్షన్ కార్యాలయంలోని సర్వీసు దస్త్రంలో, మూడవది విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు వద్ద లభ్యమవుతాయి. సమాచార హక్కు చట్టం, 2005 కింద కూడా ఈ వివరాల కొరకు దరఖాస్తు చేసుకోవచ్చును.